చెక్క మీద పంటిగాట్లు

పప్పుగుత్తితో అన్నం మెదపడానికి ఎవాంజెలిన్‌కు పదకొండు నిమిషాలు పడుతుంది. గడియారం చూసి చెప్పే లెక్క కాదది. పన్నెండేళ్ళుగా రోజుకు రెండుసార్లు చేసి చేసి చేతికి పట్టుబడిన లెక్క. మొదటి మూడు నిమిషాలు మెతుకు ఎదురు తిరుగుతుంది, తర్వాత లొంగుతుంది, చివర కాస్త చారు పోస్తే గుత్తికి అంటుకోకుండా జారుతుంది. అట్లా జారితేనే భర్త సుశీల్ కుమార్ కంచం ముందు కూర్చుంటాడు. కూతురు లిల్లీకి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ మెదపాలి.

మెదుపుతున్నంతసేపూ ఆమె మనసు వసారాలో తడిగుడ్డ కప్పి పెట్టిన పిండి మీదే ఉంటుంది. కొడవలూరు బస్టాపు పక్కన ఆమెకు బియ్యప్పిండి చెక్కల అంగడి ఉంది. వెన్న తక్కువైతే చెక్క రాయి, ఎక్కువైతే నూనెలోనే విడిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఎక్కడ ఆగాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఎవరైనా అంగడి ముందు నిలబడి చెక్క కొరికితే ఆ చప్పుడును బట్టే వాయి బాగా వేగిందో లేదో చెప్పేస్తుంది. కొరికే మనిషి సంగతీ చెప్పగలదు. ముందుపళ్ళతో టక్కున విరిచేవాళ్ళు తొందర మనుషులు. పక్కపళ్ళ కిందికి తోసుకునేవాళ్ళకు ఎక్కడో పుచ్చుపన్ను ఉంటుంది. రోజుకు వంద నోళ్ళు చూసే వ్యాపారం ఆమెది. అంతమంది చేత కరకరలాడించే మనిషి ఇంట్లో మాత్రం పన్నెండేళ్ళుగా చెక్క కొరికిన చప్పుడు లేదు.

"మా ఇంట్లో మగోళ్ళు గట్టివి తినరమ్మే" అని పెళ్ళయిన మూడో రోజే అత్త రెబెక్కమ్మ చెప్పింది. సారెలో తెచ్చిన చెక్కలను ఆమె కళ్ళముందే పాలలో నానబెట్టింది. "మీ మామ బడిపంతులు. సున్నితమైన నోరు ఆయనది. పటపటా నమిలేది ఎండలో పనిచేసే కూలోళ్ళు. మన బల్ల దగ్గర ఆ చప్పుడు ఉండకూడదు." గోడ మీద ఫొటోలో మామ యెహోషువ పొడవాటి ముఖంతో, వాలిన రెప్పలతో, కాస్త తెరుచుకున్న పెదవులతో చూస్తున్నాడు. ప్రార్థనాపరుడి కళ్ళు అంటారు చర్చి సంఘంలో. ఎవాంజెలిన్ ఆ ఫొటోకు తలవంచి, మర్నాటి నుంచి గుత్తి చేతికి తీసుకుంది.

ఆమె తిండి సంగతి ఆ ఇంట్లో ఎవరూ అడిగింది లేదు. ముందు భర్తకు, తర్వాత లిల్లీకి. లిల్లీ ఒక్క పూట తినడానికి నలభై నిమిషాలు. ముద్ద బుగ్గన పెట్టుకుని అలసిపోతుంది, నీళ్ళు తాగి మింగుతుంది, మళ్ళీ ముద్ద. అది ముగిశాక పొయ్యి దగ్గర నిలబడి, అంగడి తెరవాల్సిన వేళకు అయిదు నిమిషాలుండగా, ఎవాంజెలిన్ నాలుగు ముద్దలు మింగేస్తుంది. మధ్యలో ఎవరు పిలిచినా ముద్దను దవడకు నెట్టి పలకాలి. "పిలిస్తే పలకవేం?" అన్న మాట పడటం కన్నా నమలకుండా మింగడమే తేలిక అని మొదటి సంవత్సరమే తేల్చుకుంది.

"నోరు మూసుకోవే, ఈగలు దూరతాయి." ఇది నాయనమ్మ లిల్లీతో అనే మాట, రోజుకు పది పదిహేనుసార్లు. ఆ వెంటనే కోడలికో మాట. "బిడ్డకు నోరు మూయడం గూడా నేర్పలేకపోయినావు. పాలు సరిగా ఇచ్చుంటే దవడ గట్టిపడుండేది. అంగడి అంగడి అని పరిగెత్తావు గదా."

పదకొండేళ్ళ లిల్లీ ముఖం ఏడాదికేడాది పొడవవుతోంది. గడ్డం కిందికి జారుతోంది. మాట ముక్కులోంచి వస్తుంది. బడిలో ఎవరో గుర్రం అన్నారట. ఆ పిల్ల ఇంటికొచ్చి, "గుర్రమైతే గుగ్గిళ్ళు నమలతాది గదమ్మా, నేనెట్ట గుర్రాన్ని?" అని అడిగింది. తల్లి నవ్వి, ఆ పూట ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ మెదిపింది.

జూలై నెలలో ఒక సోమవారం యూనిఫాం ఉతకబోతూ జేబులో చేయి పెడితే తడితడిగా ఏదో తగిలింది. తీసి చూస్తే చెక్క. పొద్దున అంగడి డబ్బాలోంచి తీసుకున్నట్టుంది. ఎంతసేపు చప్పరించిందో గానీ అంచులు మెత్తబడి ఉన్నాయి. తిట్టబోయి, అలవాటుకొద్దీ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. చెక్క కొరికితే గాటు నెలవంకలా పడుతుంది, ఎవరు కొరికినా. ఈ చెక్కకు నెలవంక లేదు. ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి చిన్న నొక్కులు, అంతే. నడుమ అంచు ఒత్తినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అంటే ముందుపళ్ళు దాన్ని తాకనే లేదు.

లిల్లీని వెలుతురులో కూర్చోబెట్టి పళ్ళు కలిపి మూయమంది. వెనకపళ్ళు కలిశాయి. ముందుపళ్ళ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. నాలుక కదలడం ఆ సందులోంచి కనపడింది.

"కొరికితే రాదా బిడ్డా?" అని అడిగింది తల్లి.

"రాదు. చప్పరిస్తే వస్తాది. కారం మెల్లమెల్లగా వస్తాది. కొరికినోళ్ళకు అంతా ఒక్కసారే వస్తాదా?"

"బళ్ళో అన్నం?"

లిల్లీ గౌను అంచు మెలిపెట్టింది. "సగం కాకముందే బెల్లు కొడతారు. మిగిలింది కుక్కకు పెడతా. నాకన్నా అది బాగా తింటాది."

చెక్కను పాలకవరులో చుట్టి ఎవాంజెలిన్ చేతిసంచిలో పెట్టుకుంది. గురువారం అంగడి మూసి, బిడ్డను తీసుకుని నెల్లూరు పళ్ళ ఆస్పత్రికి బయలుదేరింది. "నేనూ వస్తా. ఆడమనిషివి, డాక్టర్ల దగ్గర ఏం వాగుతావో" అంటూ రెబెక్కమ్మ కూడా బస్సెక్కింది.

డాక్టరు ముంతాజ్ చిన్న వయసు మనిషి. పాలకవరు విప్పి చూసి, "ఎక్స్‌రే కన్నా ముందు మీరే ఫొటో తెచ్చేశారే" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. లిల్లీ బుగ్గల మీద, కణతల మీద వేళ్ళు పెట్టి పళ్ళు బిగించమంది. తర్వాత ఎవాంజెలిన్ వేళ్ళను ముందు ఆమె కణతల మీదే పెట్టించి బిగించమంది; చర్మం కింద కండ రాయిలా లేచింది. లిల్లీ కణతల మీద పెట్టించింది. ఏమీ లేవలేదు.

"ఎముక దాని ఇష్టానికి అది పెరగదమ్మా. చుట్టూ ఉన్న కండ ఎంత బలంగా పట్టి ఉంచితే అందుకు తగ్గట్టు పెరుగుతుంది. ఈ పాపకు నమిలే కండ నీరసం. దవడను పైకి పట్టి ఉంచలేదు. నోరు తెరుచుకునే ఉంటుంది, నాలుక కిందికి దిగిపోతుంది. అంగిలి ఇరుకైపోతుంది. ముఖం అడ్డంగా పెరగాల్సింది నిలువుగా పెరుగుతుంది. ముందుపళ్ళు కలవవు."

ఎవాంజెలిన్‌కు అర్థమైంది. వేలు ఎంత ఒత్తితే పిండి అంత పరుచుకుంటుంది. ఒత్తే వేలే లేకపోతే చెక్క ముద్దగానే మిగులుతుంది. ఆమె అడగాలనుకున్నది వేరే ఉంది. "నేను చిన్నప్పట్నుంచీ మెత్తగా మెదిపి పెట్టినా. అందువల్లనా? పాలు తక్కువైనాయని గూడా..."

"కాదు. కండ నీరసం గనక మీరు మెదపాల్సి వచ్చింది. మెదిపినందుకు ఇంత నీరసం రాదు. ఇన్నాళ్ళూ ఈ పిల్లకు తిండి దిగిందంటే మీ చేతివల్లే."

పదకొండేళ్ళ మాటల బరువు ఒక్క వాక్యంతో దిగిపోతే మనిషి తేలికపడుతుందనుకుంటారు. ఎవాంజెలిన్ మాత్రం చెక్కను పాలకవరులో చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

డాక్టరమ్మ తన రెండు వేళ్ళు లిల్లీ చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకో... ఇప్పుడు వదిలెయ్" అంది. లిల్లీ వదలబోయింది. వేళ్ళు వెంటనే రాలేదు. చిటికెన వేలు, ఆ తర్వాత పక్క వేలు, అట్లా ఒకటొకటిగా విచ్చుకున్నాయి. బొటనవేలు అన్నింటికన్నా చివర కదిలింది.

రెబెక్కమ్మ నవ్వేసింది. "మా ఇంటి పిల్ల గదా డాక్టరమ్మా. చెయ్యి పట్టుకుంటే ఒక పట్టాన వదలరు మా వాళ్ళు."

ముంతాజ్ తలెత్తింది. "మీ వాళ్ళంటే ఎవరమ్మా?"

రెబెక్కమ్మ పైట సర్దుకుంది. "ఎవరూ లేరు. మాట వరసకు అన్నా. మా వైపు ఎవరికీ ఏం లేదు. వాళ్ళమ్మ వైపు అడగండి."

"పట్టిన కండ వెంటనే వదలట్లేదు. ఇది వంశంలో వచ్చే కండ జబ్బేమోనని నా అనుమానం. పెద్దాస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే గాని తేలదు. అదే అయితే చిన్న వయసులోనే కళ్ళలో శుక్లాలు రావచ్చు, గుండెను కూడా పట్టుకుంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళు గుండె చూపించుకోవాలి. పైకి ఏమీ తెలియదు, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందుకే అడుగుతున్నా."

"లేదన్నా గదమ్మా."

డాక్టరమ్మ ఎవాంజెలిన్ వైపు చూసింది. ఎవాంజెలిన్ నోరు తెరిచి, అత్త ముఖం చూసి, మూసుకుంది. కాగితం మీద ‘తల్లి వైపు కావచ్చు’ అని పడింది. పరీక్షకు వచ్చే సోమవారం రమ్మన్నారు.

తిరుగు బస్సులో లిల్లీ కిటికీ పక్కన నిద్రపోయింది. రెబెక్కమ్మ ముందు సీటులో వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఎవాంజెలిన్ పాత సంగతులను సరుకు చూసినట్టు ఒక్కొక్కటే తీసి చూసుకుంది. పెళ్ళిచూపుల నాడు సుశీల్ కుమార్ ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ సాయంత్రం తండ్రి తల్లితో అన్న మాట ఆమె తలుపు చాటు నుంచి విన్నది. "ఉద్యోగం చిన్నదే అనుకో. రైసుమిల్లు గుమాస్తా. అయితే ఏంది, చెయ్యి పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు ఆ అబ్బాయికి. అట్టాంటోడు బిడ్డను బాగా చూసుకుంటాడు." ఇంకో రెండు సంబంధాలు ఉన్నా ఆ చెయ్యితోనే ఇది ఖాయమైంది. పాస్టరు అయ్యగారు సంఘంలో ఇప్పటికీ నవ్వుతాడు, సుశీల్‌తో చెయ్యి కలిపితే ఆ రోజు ఇంకెవరితోనూ కలపలేనని. మామ కూడా అంతేనట. ప్రార్థనకు చెయ్యి పట్టుకుంటే ఆమెన్ అన్నాక గూడా పట్టుకునే ఉండేవాడట. ఆప్యాయత అన్నారు. వాలిన రెప్పలను భక్తి అన్నారు, నానిన చెక్కను మర్యాద అన్నారు. మంచి పేరు పెట్టి అమ్మిన సరుకును విప్పి చూడకుండా తీసుకున్నది తన పుట్టిల్లు. వ్యాపారం చేసే తనకైనా ఈ పన్నెండేళ్ళలో కనపడాలి గదా.

ఆ మామ యాభై ఒకటో ఏట, మధ్యాహ్నం భోజనానికి ప్రార్థన చేసి, కళ్ళు తెరవకుండానే బల్ల మీదికి వాలిపోయాడు. ధన్యమైన చావు అని ఊరంతా చెప్పుకున్నారు. సుశీల్‌కు ఇప్పుడు నలభై ఒకటి.

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అయ్యగారు చెయ్యి చాచాడు. సుశీల్ అందుకున్నాడు. ఎవాంజెలిన్ చెప్పులు వేసుకునే నెపంతో వంగి చూసింది. చిటికెన వేలు, పక్క వేలు, ఆ తర్వాత మిగిలినవి. బొటనవేలు చివర. "వదులు నాయనా, ఇంకా చాలామంది ఉన్నారు" అన్నాడు అయ్యగారు. చుట్టూ నవ్వులు. సుశీల్ కూడా నవ్వాడు. అతని నవ్వులో పెదవులు పెద్దగా కదలవని ఆమెకు కొత్తగా కనిపించింది.

ఇంటికొచ్చాక ఆమె అన్నం వండింది. లిల్లీకి తప్ప మెదపలేదు. పప్పుగుత్తి కడిగి మేకుకు తగిలించింది. కంచాలు పెట్టి, సుశీల్ కంచం పక్కన ఒక చెక్క పెట్టింది.

"ఇదేంది?" అన్నాడు సుశీల్.

"ఒక్కసారి కొరకండి. తినే పన్లేదు, గాటు పెట్టి ఇచ్చేయండి చాలు."

"ఏందే ఈ ఆటలు?" రెబెక్కమ్మ గుమ్మంలోంచి వచ్చింది. "మగోడి కంచం దగ్గర చెక్కలా?"

పాలకవరులోంచి లిల్లీ చెక్క తీసి ఎవాంజెలిన్ దాని పక్కన పెట్టింది. ఎండిపోయి ఉంది, నొక్కులు అట్లాగే ఉన్నాయి. "ఇది మీ బిడ్డది. మీది గూడా ఇట్టనే పడతాదని నేననుకుంటా ఉండా. తప్పైతే మీ ముందర చెవులు పట్టుకుంటా."

సుశీల్ చెక్క ముట్టలేదు. "అంటే బిడ్డకు జబ్బైతే నాకు అంటగడతావా? నలుగురు నోట్లో పడేదానికా? రేపు లిల్లీకి సంబంధం ఎవుడిస్తాడు?"

"ముందు లిల్లీ బతకాల. మీరు బతకాల."

"అరిచి చెప్పు, వీధి వాళ్ళకు గూడా వినపడతాది" అంది రెబెక్కమ్మ.

ఎవాంజెలిన్ అరవలేదు. అరిచేంత ఓపిక ఆమె దగ్గర ఏనాడూ మిగలదు. అంగడిలో చివరి మాట చెప్పే గొంతుతో, తగ్గని, హెచ్చని గొంతుతో చెప్పింది. "రేపు లిల్లీని తీసుకుని పోతా. కాగితంలో తల్లి వైపు అని రాసినారు. దాన్ని కొట్టేయించి తండ్రి వైపు అని రాయిస్తా. మీరొస్తే మీ గుండె చూస్తారు. రాకపోతే పిలిచినా రాలేదని, అది గూడా రాయిస్తా. ఇంకో మాట. లిల్లీకి నేను మెదుపుతా, ఎన్నాళ్ళైనా మెదుపుతా, అది బిడ్డ. మీకు మెదపను. గుత్తి అక్కడ ఉంది."

సుశీల్ లేచాడు. కుర్చీ వెనక్కి నెట్టి, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. బయటికి పోవాలన్నట్టు తిరిగాడు గానీ చెయ్యి కుర్చీని వదల్లేదు. ఇంట్లో అందరూ ఆ చెయ్యినే చూశారు. లిల్లీ కూడా. వేళ్ళు ఒకటొకటిగా విచ్చుకుంటుంటే అతనూ తన చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నాన్నా, నాక్కూడా అట్నే" అంది లిల్లీ. సంబరంగానే అంది. తనలాంటి వాళ్ళు ఇంకొకరున్నారని ఆ పిల్లకు మొదటిసారి తెలిసింది.

రెబెక్కమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. ఫొటో సరిగ్గా ఆమె తల మీదే ఉంది. అక్కణ్ణుంచే మాట్లాడింది. కోడలితో కాదు, ఎదురుగా ఉన్న నేలతో. "మీ మామకు నలభై ఏళ్ళకే కళ్ళల్లో శుక్లాలు తీసినారు. అది గూడా రాయించు. సీసా మూత తిప్పలేకపోయేవాడు. నేనే తిప్పి, ఆయనే తిప్పినట్టు చేతికి ఇచ్చేదాన్ని. నా తరువాత ఈ పని చేసే మనిషి కావాలనే పనిమంతురాలిని ఎతుక్కున్నా. నువ్వు చెక్కలు ఒత్తేది చూసినా మీ ఇంట్లో."

ఎవాంజెలిన్‌కు కోపం రావాలి. వచ్చిందో లేదో ఆమెకే తెలియలేదు. ముప్పై ఏళ్ళు గుత్తి తిప్పిన ముసలి చేతులను చూసింది. మణికట్టు మీద తనకున్న చోటే కాయ ఉంది. తన లెక్కలో ఆ ముప్పై ఏళ్ళు ఇంతవరకూ లేవు. తిట్టిన నోరు ఒక్కటే ఉంది.

ఆమె లిల్లీకి ముందే విడిగా మెదిపి ఉంచిన గిన్నె తెచ్చి చేతికిచ్చింది. తర్వాత ఎన్నడూ చేయని పని చేసింది. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, తన కంచంలో పలుకు పలుకుగా ఉన్న అన్నం పెట్టుకుని, గోంగూర పచ్చడి కలుపుకుని కూర్చుంది. సుశీల్ కోసం పెట్టిన చెక్క తీసుకుని కొరికింది. ఆ చప్పుడుకు లిల్లీ నవ్వింది. రెబెక్కమ్మ తలెత్తి చూసింది.

ఎవాంజెలిన్ నమిలింది. ముందుపళ్ళతో విరిచి, పక్కకు తోసి, కణతల్లో కండ లేవడం తనకే తెలిసేట్టు, పన్నెండేళ్ళుగా మింగిన ముద్దల రుచి ఇదా అన్నట్టు నమిలింది. కారం అంతా ఒక్కసారే వచ్చింది. లిల్లీకి ఆ సంగతి చెప్పాలి అనుకుంది.

సుశీల్ ఇంకా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. చెయ్యి వదులయింది. దాన్ని చొక్కాకు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు బస్సు ఎన్నింటికి?"

ఎవాంజెలిన్ నోట్లో ముద్ద ఉంది. ఆగమని చెయ్యి చూపి, పూర్తిగా నమిలి మింగేదాకా జవాబు చెప్పలేదు.